తెలుగు నవల: సిఫారసు చేసిన చేతులు

మా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో ప్రతి నెలా రెండో ఆదివారం పదిహేనుమంది దాకా కూచుని ఒక నవల గురించి మాట్లాడుకుంటాం. తెలుగు పంతులును గనుక ఏది చదవాలో చెప్పే బాధ్యత నా మీద పడింది. రెండేళ్ళ క్రితం ఒక కొత్త నవలను గట్టిగా సిఫారసు చేశాను. అంతకుముందే దాన్ని మెచ్చుకుంటూ ఒక పత్రికలో సమీక్ష రాసి ఉన్నాను. మరుసటి నెల, బట్టలు కుట్టి బతికే ఒక పాఠకురాలు అన్నది: "మాస్టారూ, కూలివాళ్ళ నవల అని రాశారు. కూలివాళ్ళున్నారు. కాని వాళ్ళు పని చేస్తుండగా ఒక్కచోటా కనబడరు. ఎంతసేపూ మాట్లాడుతూనే ఉంటారండీ."

ఆమె చెప్పింది నిజం. ఆ లోపం చదివేటప్పుడే నాకు తెలుసు. రచయిత మనవాడు, ఇతివృత్తం మనది అని రాయకుండా ఊరుకున్నాను. అప్పటినుంచి నన్నొక ప్రశ్న పట్టుకుంది. తెలుగులో కొత్త నవలను పాఠకుడికి ఎవరు, ఏ ప్రమాణంతో అందిస్తూ వచ్చారు?

మొదట పండితులు మాట్లాడారు. వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని'లో ధారావాహికగా వచ్చి, 1880లో పుస్తకమయింది. దాని మీద కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి విమర్శ రాస్తే వీరేశలింగం సమాధానం రాశారు. మన నవలా విమర్శకు అది తొలి ఘట్టాలలో ఒకటి. కాని అది ఒక పండితుడు మరొక పండితుడితో చేసిన వాదం. పుస్తకం చదవబోయేవాడికి ఆ వాదంలో చోటు లేదు.

అతనికి చోటు కల్పించినవి గ్రంథమాలలు, గ్రంథాలయోద్యమం. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి చందాదారులను కూడగట్టింది, నవలలకు పోటీలు పెట్టింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం పుట్టింది. ఏ పుస్తకం తెప్పించాలన్నది ఊరి ప్రశ్న అయింది.

ఈ పాఠకలోకంలోకి 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' వచ్చింది. దాన్ని చదవకూడదని తీర్పు చెప్పింది మద్రాసు ప్రభుత్వం. నిషేధం పెట్టి, కొన్ని మార్పులతో 1928లో ప్రచురణకు అనుమతించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలను పాఠ్యగ్రంథంగా తీసుకున్నాక 1936లో మళ్ళీ నిషేధించింది. 1937లో ఏర్పడిన రాజగోపాలాచారి ప్రభుత్వం ఆ ఆజ్ఞను ఎత్తివేసింది.

ఇక్కడ మనం ఒక పొరపాటు చేస్తుంటాం. 'మాలపల్లి'ని సిఫారసు చేసేటప్పుడు నిషేధాన్నే యోగ్యతాపత్రంగా చూపిస్తాం. నిషేధం ప్రభుత్వ భయానికి రుజువు అవుతుందేగాని నవల బలానికి రుజువు కాదు. బలం రామదాసు కుటుంబంలో ఉంది. కూలి తగాదాలో, చౌదరయ్య చేతిలో సంగదాసు చావులో, వాడుక పలుకుబడిలో ఉంది. ఉపన్యాస ధోరణీ ఉంది, సాగతీతా ఉంది. రెండూ చెప్పినప్పుడే అది సమీక్ష.

తెలంగాణలో ఈ పనికి మరొక నమూనా దొరుకుతుంది. వంటమనిషిగా, హోటల్లో సర్వరుగా బతికిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. నిజాం పాలనలో తెలుగు పుస్తకం అంత సులభంగా దొరకని రోజులవి. గుమ్మం ముందు నిలబడి పుస్తకం అమ్మేవాడు లేని గుణం చెబితే రెండోసారి ఆ గుమ్మం తొక్కలేడు. పాఠకుణ్ణి అంత దగ్గరగా ఎరిగినవాడు గనుకనే 'ప్రజల మనిషి'లో దొర దౌర్జన్యాన్ని నినాదంగా కాక ఊరి బతుకుగా చిత్రించగలిగారని నా అభిప్రాయం.

మన పక్షం నవలల లోపాలు బయటపెడితే ఉద్యమానికి నష్టం కాదా అని కొందరు మిత్రులు అడుగుతారు. నా అనుభవం వేరుగా ఉంది. ఆ పొగడ్త తర్వాత మా ఆదివారాలకు నలుగురు రావడం మానేశారు. వాళ్ళు అభ్యుదయ సాహిత్యాన్ని కాదనలేదు, నా మాటను నమ్మడం మానేశారు.

తర్వాత 'మాలపల్లి' తీసుకున్నాం. ఎక్కడ విసుగు పుడుతుందో, ఎందుకు ఓపిక పట్టాలో ముందే చెప్పాను. మూడు నెలలు పట్టింది. ఇద్దరు మధ్యలో వదిలేశారు. బట్టలు కుట్టే ఆమె మాత్రం చివరిదాకా చదివింది. "సంగదాసు పోయినచోట మిషను ఆపేసి కూచున్నాను మాస్టారూ. ఆ పూట జాకెట్లు ఇవ్వలేకపోయాను" అన్నది. తర్వాత ఏం చదవమంటారని అడిగింది. 'ప్రజల మనిషి' చేతికిచ్చాను, నాకు తోచిన గుణమూ లోపమూ రెండూ చెప్పి.

సమీక్ష రాయడానికి కూర్చునే మిత్రులారా, రచయిత ముఖం ఎలాగూ మన కళ్ళముందు ఉంటుంది. రోజు కూలి పక్కనబెట్టి ఆ పుస్తకం విప్పబోయే పాఠకురాలి ముఖాన్ని కూడా ఎదురుగా పెట్టుకుందాం.