ఓడ ముద్రగల సీసపు నాణెములు

నెల్లూరు సీమలో గనులనగానే గూడూరు అభ్రకమును, ఉదయగిరి దిక్కున గరిమెనపెంట రాగియు జ్ఞప్తికి వచ్చును. సీసమును తలచువా రరుదు. మన కంసాలి యిండ్లలో సయితము సీసము వెండిని శుద్ధిచేయుటకు వాడి పారవేయు వస్తువేగాని గౌరవింపదగిన లోహము కాదు. అయినను, ఈ తీరమున ఓడలు తిరిగిన కాలమునకు సాక్ష్యము చెప్పునవి బంగారు నాణెములు మాత్రమే కావు, సీసపు నాణెములును గలవు. ఆ సీసమెచ్చటిదను ప్రశ్ననే యీ వ్యాసమున విచారింపదలచితిని.

శాతవాహనరాజులు వెండితోను రాగితోను నాణెములు ముద్రించినను, ఆంధ్రదేశమున వారి చిల్లర వ్యవహారమంతయు మిక్కిలిగా సీసపు నాణెములతోనే సాగెను. వానిలో నొకజాతి చోళమండల తీరమునకే ప్రత్యేకమైనది. ఒకవైపున రెండు కూవకంబముల ఓడయు, రెండవవైపున నాలుగు గుండ్లతో గూడిన ఉజ్జయినీ చిహ్నమును వానిపై నుండును. సర్ వాల్టరు ఎలియట్టుగారు 1886లో వెలువడిన తమ గ్రంథమున వీనిని లోకమునకు ఎరుకపరచిరి. 1908లో బ్రిటిషు మ్యూజియము పట్టికను కూర్చిన రాప్సను పండితుడు వీనిని పులుమావివని తలచెను. పిదప దొరకిన మంచి నాణెములపై యజ్ఞశ్రీ శాతకర్ణి నామము చదువబడినది. ఎవరివైనను ఇవి క్రీ.శ. 2వ శతాబ్దమునాటివి. శాతవాహనుల తరువాత విజయపురినేలిన ఇక్ష్వాకులును సీసమునే నాణెములకు గైకొనిరి.

రాజులు సీసమునే యేల యెన్నుకొనిరి? బంగారము పెద్దబేరమునకు తగును. ఉప్పు, చేప, ధాన్యము కొనువానికి చిన్న నాణెము కావలెను. సీసము 327 డిగ్రీల వేడికే కరగును. ఊదు గొట్టమును పిడికెడు బొగ్గులును చాలును. మెత్తనిదగుటచే ముద్ర సులభముగా పడును. అయితే ఆ మెత్తదనమే దాని దోషమును. చేతులు మారిన కొలది అక్షరములు మాసిపోవుటచేతనే యీ నాణెములను చదువుటకు పండితులు నేటికిని కన్నులు నొప్పించుకొనుచున్నారు.

సీసము భూమిలో సీసముగా దొరకదు. గంధకముతో గూడి, వెండివలె తళతళలాడు ఘనాకారపు నల్లరాయిగా నుండును. ప్రాచీన ఐగుప్తులు ఆ రాతినే నూరి కంటికి పూసికొనిరి. రాతిని కాల్చి, బొగ్గుతో కరగించినచో సీసము దిగును. అనేక గనులలో ఆ సీసమున కొంచెము వెండి కలిసియుండును. దానిని బూడిదతో చేసిన గుంట మూసలో నుంచి గాలి విసరుచు వేడి చేసినయెడల సీసము భస్మమై మూసలోనికి ఇంకిపోవును. వెండిపూస పైన నిలుచును. మన వృత్తివారికి నేను చెప్పవలసినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కల్తీవెండిని నాలుగవవంతు సీసముతో శుద్ధిచేయవలెనని విధించియున్నది. దేవాలయములలో పూయు సిందూరము కూడ పూర్వము సీసమును కాల్చి చేసినదే.

గ్రీకుల లౌరియను గనులను నడిపించినది వెండిపై నాశయే. క్రీ.పూ. 483లో అచ్చట దొరకిన వెండితో ఏథెన్సువారు థెమిస్టొక్లీసు మాటపై యుద్ధనౌకలు కట్టించి పారశీకులను గెలిచిరి. నికియాసను ధనికుడు వేయిమంది బానిసలను ఆ గనులకు బాడుగ కిచ్చెనని క్సెనొఫోను వ్రాసెను. గెలిచిన నౌకల కథ అందరును చెప్పుదురు. ఆ వేయిమంది కథ యెవ్వరును చెప్పరు. రోమనులకు సీసము మరింత అవసరమయ్యెను. స్పెయినునందును బ్రిటను దీవియందును త్రవ్వించి, నీటి గొట్టములకు, ఓడల అడుగు రేకులకు, లంగరులకు, తూనికరాళ్లకు వినియోగించిరి. వారు కాల్చిన పొగ గాలిలో పోయి గ్రీన్‌లాండు మంచు పొరలలో నేటికిని నిలిచియున్నది. సీసపు పనివారి దేహము పాలిపోవుట చూచి, మట్టిగొట్టపు నీరే మేలని విట్రూవియను శిల్పి యానాడే హెచ్చరించెను.

ఇక మన విషయమునకు వత్తము. క్రీ.శ. 79లో మరణించిన ప్లీనీ, హిందూదేశమున సీసము లేదనియు, అచ్చటివారు రత్నములును ముత్యములును ఇచ్చి దానిని కొందురనియు వ్రాసెను. అదే శతాబ్దపు ఎరిత్రియను సముద్ర వర్తక గ్రంథము భరుకచ్ఛమునను పడమటి తీరపు ముచిరియందును సీసము దిగుమతి యగుచున్నదని చెప్పుచున్నది. ఈ రెంటిని పట్టుకొని, శాతవాహనుల సీసమంతయు రోముదే యనువారు కలరు.

ప్లీనీ మన దేశమునకు వచ్చినవాడు కాడు. రాజస్థానమున రాజపుర దరీబా గనులలో దొరకిన కొయ్యలు క్రీస్తునకు పూర్వపువని తేలినది. కాబట్టి "లేదు" అనుట పొరపాటు. అంతదూర మేల? నెల్లూరు సీమకు పడమటి గోడయైన వెలికొండలు దాటినంతనే బద్వేలు దిక్కున జంగంరాజుపల్లె ప్రాంతమున సీసపు రాయి కలదు, పాతకాలపు త్రవ్వకముల గుర్తులును గలవు. ఉత్తరమున వినుకొండ చెంత అగ్నిగుండాలయందును అట్లే. అచ్చటి బండలమోటులో హిందూస్థాన్ జింకు సంస్థవారు 20వ శతాబ్దపు చివరిభాగమున సీసపు గనిని నడిపిరి.

ఇంతమాత్రమున సర్వమును మనదే యని సభలో చప్పట్లు కొట్టించుకొనుట తగదు. సంచికలలో వ్రాయు మనవంటివారికి ఆ చాపల్యము మెండు. సీసము ఓడలపై వచ్చుటయు నిజమే. 1244లో గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లిలో వేయించిన అభయశాసనమున సుంకము పడు సరకులలో సీసమును గలదు. నాణెముపై రాజు పేరున్నది. గని పేరు లేదు, కరగించినవాని పేరును లేదు.

అయినను గని పేరు లోహములోనే దాగియున్నది. సీసమున 204, 206, 207, 208 అను భారములుగల నాలుగు విధముల పరమాణువులు కలవు. వాని పాళ్లు గనిని బట్టియు, ఆ రాయి యేర్పడిన కాలమును బట్టియు మారును. కడప సీమ రాళ్లు అతి ప్రాచీనములు. ఐరోపా గనులలో పెక్కింటి రాయి వానికన్న చాల తరువాతిది. ఆవగింజంత తునక పరీక్షించినను భేదము కనబడును. కాని రెండు గనుల సీసము ఒకే మూసలో కరగెనా, పాళ్లు కలిసిపోవును. ఆ సాక్ష్యమును మరల విడదీయు విద్య యెవ్వరియొద్దను లేదు.

కరగించుట మనకు కొత్తగాదు. 1780 తరువాతి కొలదియేండ్లలో నెల్లూరు చెంత ఒక రైతు నాగలికి ఇటుకకట్టడము తగిలి, దానిలో చిన్న కుండెడు రోమను బంగారు నాణెములు బయటపడెను. ట్రేజను, హేడ్రియను చక్రవర్తులవి, ఫౌస్టినా రాణివి. అతడు వానిని పాత బంగారముగా అమ్ముకొనెను. పెక్కులు కరగిపోయెను, ముప్పదికి పైగా మాత్రము మిగిలి, మద్రాసు గవర్నరు డేవిడ్సను జాబు మూలమున లోకమునకు తెలిసెను. బంగారమునకే ఈ గతి పట్టగా, తెల్లని బూజుపట్టిన సీసపు బిళ్లను చూచి యాగువారెవరు? వలకు గుండుగానో, తూనికకు బరువుగానో మారిపోవును.

పాత సీసము మొదట చేరునది మన కొలుముల యొద్దకే. బిళ్లపై ఓడయో, ఏనుగో, నాలుగు గుండ్లో కనబడినచో మూసలో వేయక విడిగా నుంచి, దొరకిన చోటు, లోతు, తేది కాగితముపై వ్రాసి, పురావస్తుశాఖవారికి చూపవలెను. గుట్టగా దొరకి పది రూపాయలకు మించిన విలువగలదైనచో, 1878 నాటి నిధుల చట్టము ననుసరించి కలెక్టరుగారికి తెలుపుట విధియై యున్నది. బూజును చింతపండుతో తోమరాదు. అక్షరము దానితోనే పోవును.