ఇంటిల్లిపాదికీ పేగు క్యాన్సర్ ఎందుకు? పేషెంట్ మాట నమ్మి 30 ఏళ్లు పోరాడిన డాక్టర్ హెన్రీ లించ్

తాతకు పేగు క్యాన్సర్. ఆ తర్వాత పెదనాన్నకు. ఇప్పుడు నాన్నకు. ఇలాంటి కుటుంబాలు అక్కడక్కడా కనిపిస్తుంటాయి. చాలామంది దీన్ని తలరాత అనుకుని వదిలేస్తారు. కానీ ఇది తలరాత కాదు, జన్యువుల్లో లోపం కావచ్చని తేల్చడానికి ఓ డాక్టర్ సుమారు 30 ఏళ్లు కష్టపడ్డారు. ఆయనే అమెరికాకు చెందిన డాక్టర్ హెన్రీ లించ్.

ఎవరీ లించ్?

1928లో మసాచుసెట్స్‌లో పుట్టారు. హైస్కూల్ మధ్యలోనే మానేసి, రెండో ప్రపంచ యుద్ధ సమయంలో నేవీలో చేరారు. తిరిగొచ్చాక కొన్నాళ్లు బాక్సింగ్ చేశారు. ఆ తర్వాత మళ్లీ పుస్తకాలు పట్టి, 1960లో డాక్టర్ అయ్యారు.

ఆ పేషెంట్ ఏం చెప్పాడు?

1962. నెబ్రాస్కాలో లించ్ ఇంకా శిక్షణలోనే ఉన్నారు. మద్యానికి బానిసైన ఓ వ్యక్తి ఆస్పత్రికి వచ్చాడు. ఎందుకింత తాగుతున్నావని అడిగితే, ఎలాగూ క్యాన్సర్‌తోనే పోతాను, మా ఇంట్లో అందరూ అలాగే పోయారు అన్నాడట. వేరే ఎవరైనా అయితే తాగినవాడి మాటలే అని కొట్టిపారేసేవారు. లించ్ మాత్రం ఆ కుటుంబం వివరాలన్నీ తవ్వి తీశారు. అతను చెప్పింది నిజమే!

1966లో ఇలాంటి రెండు పెద్ద కుటుంబాలపై అధ్యయనం ప్రచురించారు. అయితే క్యాన్సర్ వంశపారంపర్యంగా రావడమేంటని చాలామంది నిపుణులు పెదవి విరిచారు. పరిశోధనకు నిధులు అడిగితే కాదన్నారు. అయినా ఆయన ఆగలేదు. నర్సు అయిన భార్య జేన్‌తో కలిసి కుటుంబాలను కలుస్తూ, ఎవరికి ఏ వయసులో ఏ క్యాన్సర్ వచ్చిందో వంశవృక్షాలు గీస్తూ పోయారు.

1984లో ఈ జబ్బుకు 'లించ్ సిండ్రోమ్' అనే పేరు వచ్చింది. 1993, 1994ల్లో కారణమైన జన్యువులు కూడా దొరికాయి. డీఎన్‌ఏ కాపీ అయ్యేటప్పుడు దొర్లే తప్పులను దిద్దే జన్యువులివి. ఇవి పాడైతే తప్పులు పేరుకుపోయి క్యాన్సర్‌కు దారి తీస్తాయి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ లోపం ఉంటే, ఒక్కో బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. పేగుతో పాటు గర్భాశయ క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువే.

ఎప్పుడు అనుమానించాలి?

డాక్టర్లు వాడే 3-2-1 లెక్క ఇదీ. ఒకే వైపు దగ్గరి బంధువుల్లో కనీసం ముగ్గురికి ఇలాంటి క్యాన్సర్లు రావడం, వరుసగా రెండు తరాల్లో కనిపించడం, కనీసం ఒకరికి 50 ఏళ్లలోపే రావడం. లెక్క పూర్తిగా సరిపోకపోయినా, ఇంట్లో చిన్న వయసులోనే ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉంటే డాక్టర్‌కు చెప్పాల్సిందే.

లోపం ఉందని తేలినా క్యాన్సర్ వచ్చి తీరుతుందని కాదు. ఇలాంటి వారికి సాధారణంగా 20-25 ఏళ్ల నుంచే, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కొలనోస్కోపీ చేయాలని డాక్టర్లు సూచిస్తారు. పేగులో పాలిప్స్ కనిపిస్తే, క్యాన్సర్‌గా మారకముందే తీసేస్తారు.

లించ్ 2019 జూన్‌లో, 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు. చావు ఖాయం అనుకున్న కుటుంబాలకు ముందే జాగ్రత్తపడే దారి చూపించి వెళ్లారు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ జబ్బుతో పోయారో మీకు తెలుసా? తెలియకపోతే ఈరోజే అడగండి.