రారిటన్ ల్యాండింగ్, రారిటన్ ఖాతంలోని లంగరు తావులు

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోని న్యూజెర్సీ రాష్ట్రం, మిడిల్‌సెక్స్ కౌంటీ, పిస్కాటవే పట్టణ పరిధిలో రారిటన్ నది ఎడమ గట్టున 18వ శతాబ్దంలో వర్ధిల్లిన వర్తకపు రేవు రారిటన్ ల్యాండింగ్. సముద్రం మీద తిరిగే తెరచాప ఓడలు ఈ నదిలో ఎగువకు రాగలిగిన చివరి చోటు ఇదే. ఇక్కడ సరుకు ఎత్తుకున్న ఓడలు నది వెంట దిగి, పెర్త్ అంబాయ్ దగ్గర రారిటన్ ఖాతంలోకి ప్రవేశించి, స్టాటెన్ ద్వీపాన్ని చుట్టి న్యూయార్కు చేరేవి. ఆ దారిలో గాలికి మాటుగా ఉండి, రాత్రిపూట లంగరు వేసుకోవడానికి అనువైన తావులు కొన్ని ఉన్నాయి. వాటిలో సాండీ హుక్ ఇసుక కొస చాటున ఉన్న జలభాగం ముఖ్యమైనది. రేవు రెండు వందల ఏళ్ల నాడే క్షీణించింది. లంగరు తావులు మాత్రం నేటికీ వాడుకలో ఉన్నాయి.

భౌగోళిక స్థితి

రారిటన్ నది పశ్చిమ న్యూజెర్సీ కొండల్లో పుట్టిన రెండు పాయలు కలిసి ఏర్పడి, తూర్పుగా ప్రవహించి పెర్త్ అంబాయ్ వద్ద ఖాతంలో కలుస్తుంది. సముద్రపు పోటు న్యూ బ్రన్స్‌విక్ నగరం దాటి పైదాకా ఎక్కుతుంది. ఆ పోటు ఆగే చోటికి దగ్గరగా, నగరానికి ఎగువన అవతలి గట్టున ల్యాండింగ్ వెలసింది. గట్టు పల్లంగా ఉండటంతో సరుకు ఎక్కించడం తేలిక. వరద వస్తే మునగడమూ అంతే తేలిక. వెనక ఉన్న మెరక మీద ఇళ్లకు మాత్రం ఆ భయం లేదు.

నది మొగ దాటాక ఉత్తరాన స్టాటెన్ ద్వీపం, దక్షిణాన న్యూజెర్సీ తీరం, తూర్పున అట్లాంటిక్ మహాసముద్రానికీ ఖాతానికీ మధ్య అడ్డుగోడగా సాండీ హుక్ ఉంటాయి. సాండీ హుక్ అలలు పోసిన ఇసుకమేట. అది ఉత్తరంగా ఏటా పెరుగుతూ ఉంటుంది. 1764లో కొసకు సుమారు 500 అడుగుల దూరంలో కట్టిన దీపస్తంభం ఇప్పుడు కొసకు దాదాపు మైలున్నర లోపల ఉంది.

తొలి కాలం

ఈ తీరం లెనాపీ జాతి ప్రజలది. దొన్నెలతో నదిలోనూ ఖాతంలోనూ చేపలు, ఆల్చిప్పలు పట్టుకుంటూ వారు వేల సంవత్సరాలు ఇక్కడ జీవించారు. 1609 సెప్టెంబరులో హెన్రీ హడ్సన్ నడిపిన డచ్చి ఓడ ‘హాఫ్ మూన్’ సాండీ హుక్ లోపలి వైపున లంగరు వేసింది. చుట్టుపక్కల లోతు కొలవడానికి పంపిన చిన్న పడవ మీద సెప్టెంబరు 6న దాడి జరిగి, జాన్ కోల్మన్ అనే నావికుడు బాణం తగిలి మరణించాడు. ఓడ అధికారి రాబర్ట్ జువెట్ దినచర్యలో ఈ సంగతి నమోదైంది. 1666లో న్యూ ఇంగ్లండ్‌లోని పిస్కాటక్వా నదీ ప్రాంతం నుంచి వచ్చిన బాప్టిస్టు, క్వేకరు కుటుంబాలు పిస్కాటవేలో స్థిరపడ్డాయి. ఆ శతాబ్దం చివరికి న్యూ బ్రన్స్‌విక్ ఉన్న చోట నది దాటించే బల్లకట్టు నడిచేది.

రేవు ఎదుగుదల: 1720–1776

1720ల నాటికి న్యూయార్కు వర్తక కుటుంబాలు తమ కొడుకులను, అల్లుళ్లను ఈ గట్టుకు పంపి కొట్లు పెట్టించసాగాయి. ఎగువ లోయలోని డచ్చి, ఇంగ్లీషు రైతులు గోధుమలు, పిండి, అవిసె గింజలు, కలప బండ్ల మీద ‘గ్రేట్ రోడ్’ అనే బాట వెంట తెచ్చేవారు. నేటి రివర్ రోడ్ చాలా వరకు ఆ బాటే. తిరుగు ప్రయాణంలో బండ్లు ఇంగ్లండు బట్ట, పింగాణీ, రమ్ము, చక్కెర మోసుకుపోయేవి. ఓడలు ఎక్కువగా ఒంటి కొయ్యవి, స్లూపులనే రకం. తక్కువ లోతు నీళ్లలో తిరగగలవు, కొద్దిమంది నావికులు చాలు.

స్లూపు ప్రయాణం గడియారాన్ని కాక పోటును అనుసరించేది. ఆటు మొదలవగానే కట్లు విప్పి దిగువకు సాగేవారు. పోటు ఎదురైతే, లేదా గాలి పడిపోతే, లంగరు దించి ఆరు గంటలు కాచుకునేవారు. చీకటి పడితే పెర్త్ అంబాయ్ ముందరో, స్టాటెన్ ద్వీపపు చాటునో రాత్రి గడపడం మామూలు. ల్యాండింగ్ వైభవానికి మూలం కూడా ఈ కాచుకోవడమే. బండివాడు ఓడ కోసం, ఓడ పోటు కోసం, వర్తకుడు న్యూయార్కు ధర కోసం ఆగేవారు. ఆ ఆగడం నుంచే గిడ్డంగులు, సత్రాలు, కమ్మరి కొలుములు, రొట్టెల భట్టీలు పుట్టాయి.

ఈ కాలపు కట్టడాలు రెండు నిలిచి ఉన్నాయి. పీటర్ బోడైన్ అనే వర్తకుడు 1728 ప్రాంతంలో కట్టిన ఇల్లు మెట్లర్–బోడైన్ హౌస్. తర్వాతి యజమానులు దాన్ని రెండుసార్లు పెంచారు. రెండోది కోర్నీలియస్ లో 1741లో మెరక మీద కట్టించిన రాతి మేడ. ఇసుకరాతితో, జార్జియన్ పద్ధతిలో, నదికి ఎదురుగా నిండుగా నిలిచిన ఈ భవనం న్యూజెర్సీలో ఆ తరహా నిర్మాణాల్లో మేలైన వాటిలో ఒకటి. కింద గట్టున యజమాని గిడ్డంగి, పైన ఆయన నివాసం. వచ్చే ఓడను కిటికీలోంచే చూసుకోగల ఏర్పాటు.

కోర్నీలియస్ కుమారులు ఇద్దరు ప్రసిద్ధులయ్యారు. 1735లో ఇక్కడ పుట్టిన ఐజాక్ లో న్యూయార్కులో పెద్ద వర్తకుడై, అక్కడి వర్తక మండలి స్థాపకుల్లో ఒకడై, 1774లో మొదటి ఖండ సభకు (కాంటినెంటల్ కాంగ్రెస్‌కు) ప్రతినిధిగా వెళ్లాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముదిరాక బ్రిటిషు రాజు పక్షాన నిలిచి, ఆస్తులు పోగొట్టుకుని, 1791లో ఇంగ్లండులో మరణించాడు. తమ్ముడు నికొలస్ లో కొత్త దేశంలోనే ఉండి వర్తకంలోనూ భూముల వ్యాపారంలోనూ గడించాడు. ఒకే రేవు, ఒకే ఇల్లు రెండు పక్షాలకూ మనుషులను ఇచ్చింది.

1764లో సాండీ హుక్ దీపస్తంభం వెలిగింది. న్యూయార్కు వర్తకులు లాటరీ వేసి డబ్బు కూడబెట్టి, ఐజాక్ కాన్రో అనే మేస్త్రి చేత దీన్ని కట్టించారు. జూన్ 11న తొలిసారి వెలిగిన ఈ ఎనిమిది పలకల స్తంభం అమెరికాలో నేటికీ పనిచేస్తున్న దీపస్తంభాలన్నిటిలో పాతది.

యుద్ధకాలం: 1776–1783

జార్జి వాషింగ్టన్ సైన్యం వెనక్కి తగ్గుతూ 1776 డిసెంబరు 1న న్యూ బ్రన్స్‌విక్ వదిలింది. వెంటనే వచ్చిన బ్రిటిషు సేనలు నగరంతోపాటు ల్యాండింగ్‌నూ ఆక్రమించి 1777 జూను దాకా మకాం వేశాయి. ఇళ్లు సైనికుల విడిదులయ్యాయి. కంచెలు, తలుపులు పొయ్యి కట్టెలయ్యాయి. జూన్ 22న జనరల్ హౌ సేనలు న్యూ బ్రన్స్‌విక్ ఖాళీ చేసేసరికి గ్రామం సగం పాడుబడింది. యుద్ధానంతరం నివాసులు నష్టపరిహారం కోరుతూ జాబితాలు దాఖలు చేశారు.

సాండీ హుక్ చాటు విలువ ప్రపంచానికి తెలిసింది 1778 వేసవిలోనే. అంతకు ముందు తుపానుకు మెడ తెగి సాండీ హుక్ అప్పటికి ద్వీపంగా మారి ఉంది. మన్మత్ యుద్ధం తర్వాత తిరిగి వస్తున్న బ్రిటిషు సేనాపతి సర్ హెన్రీ క్లింటన్ సైన్యం జూలై 5న పడవలు వరస కట్టి వేసిన వంతెన మీదుగా ఆ ద్వీపం మీదికి దాటి, ఓడలెక్కి న్యూయార్కు చేరింది. జూలై 11న ఫ్రెంచి నౌకాదళపతి కౌంట్ దెస్తాంగ్ పన్నెండు పెద్ద యుద్ధనౌకలతో బయట ప్రత్యక్షమయ్యాడు. లోపల బ్రిటిషు నౌకాదళపతి లార్డ్ హౌ తనకున్న చిన్న ఓడలను ఇసుక కొస చాటున వరసగా లంగరు వేయించి, ఫిరంగులను ప్రవేశమార్గానికి తిప్పి ఉంచాడు. ఫ్రెంచి ఓడల అడుగు లోతుకు ఆ మార్గంలో నీటి కింద ఉన్న ఇసుక తిన్నె మీద నీళ్లు చాలవని దారి చూపేవారు తేల్చారు. దెస్తాంగ్ పదకొండు రోజులు ఎదురుచూసి, జూలై 22న రోడ్ ఐలాండ్ వైపు వెళ్లిపోయాడు. ఒక్క గుండు పేలకుండా లంగరు తావు ఒక నౌకాదళాన్ని కాపాడిన ఘట్టం ఇది.

అదే తావు ప్రాణాలూ తీసింది. 1783 ఆఖరి రోజుల్లో బ్రిటిషు ఓడ ‘అసిస్టెన్స్’ నుంచి పారిపోయిన నావికులను వెతకడానికి పడవలో వెళ్లిన లెఫ్టినెంట్ హామిల్టన్ డగ్లస్ హాలీబర్టన్, అతని వెంట వెళ్లినవారు మంచు తుపానులో చిక్కి, తీరాన గడ్డకట్టి చనిపోయారు. వారి స్మారకం సాండీ హుక్ మీద హార్స్‌షూ కోవ్ ప్రాంతంలో ఉంది.

క్షీణత

యుద్ధం తర్వాత వర్తకం మళ్లీ సాగినా పాత ఊపు రాలేదు. ఆవిరి ఓడలు న్యూ బ్రన్స్‌విక్‌తోనే ఆగిపోయాయి. వాటిలో థామస్ గిబ్బన్స్ అనే యజమాని ఓడ ‘బెలోనా’ను యువకుడైన కోర్నీలియస్ వాండర్‌బిల్ట్ నడిపేవాడు. ఫిలడెల్ఫియా దారిన పోయే ప్రయాణికులు రాత్రికి అతని భార్య సోఫియా నడిపిన ‘బెలోనా హాల్’ సత్రంలో దిగేవారు. ఈ ఓడల మీది వ్యాజ్యంలోనే 1824 మార్చి 2న సుప్రీంకోర్టు ఆవిరి ఓడలు నడపడానికి న్యూయార్కు రాష్ట్రం ఇచ్చిన గుత్తాధికారాన్ని కొట్టివేసింది. 1834లో డెలావేర్–రారిటన్ కాలువ తెరుచుకుంది. ప్రధాన కాలువ పొడవు 44 మైళ్లు. అది నదికి అవతలి గట్టున సాగింది కనుక ల్యాండింగ్‌కు మిగిలిన సరుకూ పోయింది. పదేళ్లు తిరక్కుండానే రైలు వచ్చింది. పోటు కోసం ఆగే పని తప్పాక రేవుకు పని లేకుండా పోయింది. ఆ పైన వంద సంవత్సరాలు ఆ పల్లం పశువులు మేసే బీడు.

తవ్వకాలు

పూర్వీకుల నుంచి విన్నది, తాను చూసింది కలిపి కోర్నీలియస్ వెర్మ్యూల్ 1936లో న్యూజెర్సీ చారిత్రక సంఘం పత్రికలో ఒక వ్యాసం, దానితో ఒక పటం ప్రచురించాడు. కనుమరుగైన ఊరిని గుర్తుచేసిన తొలి ప్రయత్నం అది. 1970ల చివర్లో మురుగు కాలువ వేయడానికి ముందు జోయెల్ గ్రాస్‌మన్ బృందం తవ్వగా, పాత రేవు స్థలమైన నేటి జాన్సన్ పార్కు మట్టి కింద గిడ్డంగి, ఇళ్ల పునాదులు బయటపడ్డాయి. 1979లో ఆ స్థలం జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. అదే ఏడు కౌంటీ ప్రభుత్వం కోర్నీలియస్ లో మేడను కొని మ్యూజియంగా మార్చింది.

2000 ప్రాంతంలో 18వ నంబరు రహదారిని పొడిగించే ముందు రెబెకా యామిన్ నాయకత్వంలో మరింత పెద్ద తవ్వకం జరిగింది. పునాదులతో పాటు పింగాణీ ముక్కలు, పొగాకు గొట్టాలు, ఆక్రమణకాలపు సైనిక గుండీలు లభించాయి. 2011లో ఆమె వెలువరించిన ‘రీడిస్కవరింగ్ రారిటన్ ల్యాండింగ్’ ఈ విషయంపై ప్రామాణికమైన, చదివించే గ్రంథం. మెట్లర్–బోడైన్ హౌస్ 2003లో అగ్నిప్రమాదానికి గురై, తర్వాత పునరుద్ధరణ పొందింది.

నేటి లంగరు తావులు

ఎత్తు కొయ్యల తెరచాప పడవలు ఇప్పుడు పిస్కాటవే దాకా రాలేవు. న్యూ బ్రన్స్‌విక్ దగ్గరి స్థిరమైన వంతెనలు అడ్డం. అందువల్ల ఈ ప్రాంతపు విహార నావికులు పడవలను ఖాతం ఒడ్డునే ఉంచుకుంటారు. పెర్త్ అంబాయ్‌లోని రారిటన్ యాట్ క్లబ్ 1865లో స్థాపితమైంది, దేశంలోని పాత సంఘాల్లో ఒకటి. స్టాటెన్ ద్వీపంలో క్రూక్స్ పాయింట్ చాటున ఉన్న గ్రేట్ కిల్స్ హార్బర్ దాదాపు అన్ని గాలులకూ మాటు. సాండీ హుక్, గ్రేట్ కిల్స్ తీరాలు 1972 నుంచి గేట్‌వే జాతీయ విహార ప్రాంతంలో భాగం. 2012 అక్టోబరు 29న వచ్చిన శాండీ తుపాను ఈ తీరపు పడవ రేవులను తీవ్రంగా దెబ్బతీసింది.

సాండీ హుక్ లోపలి వంపు అయిన హార్స్‌షూ కోవ్ రాత్రి మకాముకు పేరుపొందింది. తూర్పు గాలికి, సముద్రపు అలకు ఇసుక కొస అడ్డు నిలుస్తుంది. పడమటి గాలి మళ్లితే మాత్రం ఖాతం మీది అల నేరుగా లోపలికి కొడుతుంది. కాబట్టి సాయంత్రం వాతావరణ సూచన వినకుండా అక్కడ నిద్రపోరు. ఇక్కడ ఆటుపోట్ల తేడా సుమారు అయిదు అడుగులు. తాడు పొడవు లెక్కకు పోటు నాటి లోతును, నీటి మట్టం నుంచి పడవ ముక్కు ఎత్తును కలిపి, దానికి అయిదు నుంచి ఏడు రెట్లు వదులుతారు. ఆటులో ఎనిమిది అడుగుల నీరు, పోటుకు అయిదు, ముక్కు ఎత్తు మూడు అయితే మొత్తం పదహారు. ఏడు రెట్లు వేస్తే 112 అడుగులు. తాడు ఎంత వాలుగా పడితే లంగరు అంత గట్టిగా ఇసుకను పట్టుకుంటుంది. పడవ గుండ్రంగా తిరిగే జాగా వదలడం, లంగరు దించాక ఇంజను వెనక్కి నడిపి పట్టు చూడటం, ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకుని పడవ జారుతోందేమో కనిపెట్టడం ఆనవాయితీ. రాత్రంతా కొయ్య పైన అన్ని దిక్కులకూ కనిపించే తెల్ల దీపం వెలగాలి. ప్రత్యేక లంగరు ప్రాంతాలుగా ప్రకటించిన చోట 20 మీటర్ల లోపు పడవలకు ఈ నియమం లేదు. అడుగున శాశ్వతంగా దించిన బరువుకు బోయా కట్టి ఉన్న చోట సొంత లంగరుతో పని లేదు, బోయా తాడు అందుకుని కట్టుకుంటే చాలు.

ఆంధ్ర తీరంతో పోలిక

గోదావరి మొగ దగ్గర కోరంగి, కాకినాడల చరిత్ర దీనికి దగ్గరగా ఉంటుంది. నది మేట వేయడం, 1839 నాటి తుపాను వంటి ఉపద్రవాలు కోరంగి రేవును దెబ్బతీశాయి. నది తెచ్చిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ మాత్రం సాండీ హుక్ లాగే కాకినాడ ఖాతానికి సహజమైన అడ్డుగోడ అయింది. దాని చాటున లంగరు వేసిన ఓడలకు బార్జీల మీద సరుకు చేరవేయడం కాకినాడ వర్తకానికి ఆధారమైంది.

సందర్శన

రారిటన్ ల్యాండింగ్ స్థలం నేడు జాన్సన్ పార్కులో ఉంది. నేల మీద కనిపించే అవశేషాలు తక్కువ. కోర్నీలియస్ లో మేడ, మెట్లర్–బోడైన్ హౌస్ రెండూ రివర్ రోడ్డు మీదే ఒకదానికొకటి దగ్గరలో ఉన్నాయి.