ప్రభుత్వ భవన నిర్మాణాల కేంద్రీకృత నిర్వహణ: విధానం, అనుభవం

పాఠశాల, ఆసుపత్రి, వసతి గృహం, కార్యాలయం - ప్రభుత్వ సేవలలో అధిక భాగం ప్రజలకు చేరేది ఒక భవనం ద్వారానే. ఆ భవనానికి నిధులు మంజూరు చేసే శాఖ ఒకటి, స్థలం కేటాయించే శాఖ మరొకటి, నిర్మించే ఇంజనీరింగ్ విభాగం ఇంకొకటి కావడం పరిపాటి. విద్యుత్తు, నీటి సరఫరా వేరే సంస్థల పరిధిలో ఉంటాయి. వీటి మధ్య సమన్వయం కొరవడినప్పుడు శ్లాబు పూర్తయిన భవనం తలుపులు లేక, తలుపులు అమర్చిన భవనం విద్యుత్ కనెక్షన్ లేక నిరుపయోగంగా మిగిలిపోతుంది. ఈ పరిస్థితిని నివారించేందుకు ప్రణాళిక, నమూనాలు, టెండర్లు, నాణ్యత, చెల్లింపులను ఒకే వ్యవస్థ కిందకు తీసుకురావడమే కేంద్రీకృత నిర్వహణ ఉద్దేశం.

నేపథ్యం

మన దేశంలో ఈ ఆలోచన కొత్తది కాదు. అంతకు ముందు సైనిక బోర్డు అజమాయిషీలో ఉన్న పౌర నిర్మాణాలను చేపట్టేందుకు 1854లో, గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో, ప్రత్యేక ప్రజాపనుల శాఖ ఏర్పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ భవనాల బాధ్యత ప్రధానంగా రహదారులు, భవనాల శాఖది. కాలక్రమంలో ప్రత్యేక అవసరాల కోసం వేర్వేరు సంస్థలు ఏర్పడ్డాయి. 1971లో పోలీసు గృహ నిర్మాణ సంస్థ, 1979లో రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ అవతరించాయి. విద్యా, సంక్షేమ శాఖల భవనాలకు, వైద్య శాఖ భవనాలకు కూడా ప్రత్యేక మౌలిక వసతుల సంస్థలు వచ్చాయి.

పనుల క్రమం

ప్రతి భవనానికీ పరిపాలనా ఆమోదం, సాంకేతిక మంజూరు, టెండరు, ఒప్పందం, నిర్మాణం, అప్పగింత అనే దశలు ఉంటాయి. పరిపాలనా ఆమోదం భవనం అవసరమని, అందుకు నిధులు వెచ్చించవచ్చునని నిర్ణయిస్తుంది. సాంకేతిక మంజూరు నమూనా, అంచనా సరిగా ఉన్నాయని ధ్రువీకరిస్తుంది. అంచనాలకు ఆధారం ప్రామాణిక ధరల పట్టిక. అన్ని ఇంజనీరింగ్ విభాగాలకు ఒకే పట్టిక వర్తింపజేయడం వల్ల ఒకే పనికి రెండు శాఖలు రెండు ధరలు చెల్లించే అవకాశం తగ్గుతుంది. టెండర్లలో పారదర్శకత కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003 జనవరిలో ఈ-ప్రొక్యూర్‌మెంట్ విధానాన్ని ప్రారంభించింది. టెండరు పెట్టెల వద్ద కాంట్రాక్టర్లు ఒకరినొకరు అడ్డుకొనే పరిస్థితికి, కుమ్మక్కుకు అవకాశాన్ని తగ్గించడం దీని లక్ష్యాలలో ఒకటి.

ఉమ్మడి నమూనాలు

తెలంగాణలో 2016 అక్టోబరు 11న జిల్లాల సంఖ్య 10 నుంచి 31కి పెరిగింది. అన్ని శాఖలనూ ఒకే ప్రాంగణంలోకి చేర్చే సమీకృత జిల్లా కార్యాలయాల సముదాయాల నిర్మాణాన్ని రహదారులు, భవనాల శాఖ ద్వారా చేపట్టడం జరిగింది. సిద్దిపేట సముదాయం 2021 జూన్ 20న ప్రారంభమైంది. ఒకే తరహా నమూనాను అనేక చోట్ల వినియోగించినప్పుడు డ్రాయింగుల తయారీకి పట్టే కాలం కలిసివస్తుంది, అంచనాలను పోల్చి చూడడం సులభమవుతుంది.

అయితే నమూనా ఒకటే అయినా పునాది అన్ని చోట్లా ఒకటి కాజాలదు. నల్లరేగడి నేల తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుపోతుంది. తీర ప్రాంతంలో తుపాను గాలుల ఒత్తిడిని, ఉప్పు గాలికి ఇనుము తుప్పు పట్టడాన్ని దృష్టిలో ఉంచుకోవాలి. కనుక ప్రతి స్థలంలోనూ భూసార పరీక్ష కాక, నేల భారం మోసే శక్తిని తెలిపే పరీక్ష విధిగా జరగాలి. ఆ ఫలితం రాకముందే పునాది డ్రాయింగును ఖరారు చేయరాదు.

కేంద్రంలో కొనుగోలు, గ్రామంలో నిర్మాణం

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న ప్రారంభమైన ‘మన బడి నాడు-నేడు’ కార్యక్రమం మరో మార్గాన్ని చూపింది. తొలి దశకు 15,715 పాఠశాలలు ఎంపికయ్యాయి. బెంచీలు, ఫ్యాన్లు, ఆకుపచ్చ రాతబల్లలు వంటి సామగ్రిని రాష్ట్రస్థాయి టెండర్ల ద్వారా సేకరించి, మరమ్మతులు, మరుగుదొడ్ల వంటి పనులను తల్లిదండ్రుల కమిటీలకు అప్పగించారు. ఇంజనీరింగ్ విభాగాలు సాంకేతిక పర్యవేక్షణ వహించాయి. పెద్ద పరిమాణంలో కొనుగోలు చేసినప్పుడు ధర తగ్గుతుంది. పిల్లలు చదివే బడి కావడంతో స్థానికులు పనిని స్వయంగా గమనిస్తారు. 2021 ఆగస్టు 16న తొలి దశ పనులను విద్యార్థులకు అంకితం చేసి, రెండో దశకు శ్రీకారం చుట్టారు.

రెండో దశలో చేపట్టిన అదనపు తరగతి గదులలో అనేకం 2024 నాటికి అసంపూర్తిగా ఉండిపోయాయి. ప్రతి పని వివరాన్నీ ఆన్‌లైన్‌లో నమోదు చేసే వ్యవస్థ ఉన్నప్పటికీ, పనికి తగినట్లుగా నిధులు విడుదల కానిదే భవనం పూర్తికాదన్నది ఈ అనుభవం నేర్పే పాఠం.

నాణ్యతా ప్రమాణాలు

ఆర్.సి.సి. పనులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 456-2000 ప్రకారం కనీసం ఎం-20 శ్రేణి కాంక్రీటు వాడాలి. 15 సెంటీమీటర్ల ఘనాకార నమూనాలను తీసి, 28 రోజుల తరువాత వాటి బలాన్ని పరీక్షించాలి. ఒక శాంపిల్‌కు 3 నమూనాలు ఉండాలి. 5 ఘనపు మీటర్ల వరకు కాంక్రీటుకు ఒక శాంపిల్, 6 నుంచి 15 ఘనపు మీటర్ల వరకు 2 శాంపిళ్లు తీయాలి. సాధారణ పోర్ట్‌ల్యాండ్ సిమెంటుతో చేసిన కాంక్రీటును కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటు వాడినా, వాతావరణం పొడిగా, వేడిగా ఉన్నా కనీసం 10 రోజులు తడుపుతూ ఉండాలి. ఈ పనులేవీ కేంద్ర కార్యాలయం నుంచి జరిగేవి కావు. పనిస్థలంలో ఉండే సహాయ ఇంజనీరు కొలతలను కొలతల పుస్తకంలో నమోదు చేయాలి, డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు వాటిని సరిచూడాలి. నాణ్యతా నియంత్రణ విభాగం పని చేయించే విభాగానికి లోబడి ఉండనప్పుడే దాని నివేదికకు విలువ.

సమీక్షలో గమనించవలసిన అంశాలు

జిల్లా స్థాయి సమీక్షలలో ఖర్చయిన మొత్తం ఆధారంగా ప్రగతిని లెక్కించడం ఆనవాయితీ. దానితో పాటు బేస్‌మెంట్, లింటెల్, శ్లాబు, పూర్తి అనే దశలవారీగా ఎన్ని భవనాలు ఎన్ని నెలలుగా నిలిచి ఉన్నాయో పరిశీలించడం అవసరం. పెండింగ్ బిల్లులు ఎన్నాళ్లవి, స్థలం వివాదరహితంగా అప్పగించారా, విద్యుత్తు, నీరు, మరుగుదొడ్లు అంచనాలో చేరాయా, వికలాంగుల కోసం ర్యాంపు ఉన్నదా అన్నవి కూడా ఆ నివేదికలో ఉండాలి. 2016లో కేంద్రం ప్రారంభించిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకంలో దశలవారీ ఛాయాచిత్రాలను ప్రదేశం గుర్తింపుతో నమోదు చేసి, లబ్ధిదారు ఖాతాకే సొమ్ము జమ చేసే పద్ధతి ఉంది. ప్రభుత్వ భవనాలకు కూడా ఇటువంటి దశలవారీ నమోదు ఉపకరిస్తుంది.

నమూనాలు, ధరలు, టెండర్లు, పరీక్షా ప్రమాణాలు రాష్ట్రస్థాయిలో ఏకరీతిగా ఉండడం, పునాది నిర్ణయం, రోజువారీ పర్యవేక్షణ పనిస్థలంలోనే జరగడం, మంజూరుతో పాటే నిధులకు భరోసా లభించడం - ఈ మూడూ కలిసినప్పుడే కేంద్రీకృత నిర్వహణ సత్ఫలితాలనిస్తుంది. అప్పగింత పత్రంపై సంతకమైన నాటి నుంచి భవన నిర్వహణ ఎవరి బాధ్యతో కూడా ఒప్పందంలోనే స్పష్టపరచినట్లయితే, ప్రజాధనంతో నిర్మించిన కట్టడం దీర్ఘకాలం ప్రజలకు ఉపయోగపడగలదు.