జంట ప్రాసెసర్ల మదర్‌బోర్డు - బీపీ6 చరిత్ర

భీమడోలు ప్రాంతపు ధాన్యపు మిల్లులలో ఇంజను చక్రమునుండి బెల్టు ద్వారా మర తిరుగుట విద్యార్థులు ఊహించుకొనవచ్చును. చక్రముల నిష్పత్తి మార్చ వీలులేనిచో, మరను వడిగా త్రిప్పుటకు ఇంజను వేగమునే పెంచవలెను. కంప్యూటరులో ఓవర్‌క్లాకింగ్ అనునది ఇట్టిదే.

1998లో ఇంటెల్ సంస్థ సెలెరాన్ 300ఏ అను చౌక ప్రాసెసరును విడుదల చేసినది. దాని గుణకము 4.5, మదర్‌బోర్డు గడియారము 66 మెగాహెర్ట్జ్, లబ్ధము సుమారు 300. ఇంటెల్ గుణకమునకు తాళము వేసినది గాని గడియారమునకు వేయలేదు! గడియారమును 100కు పెంచగా 450 వచ్చినది.

రెండు సెలెరాన్లను జోడించుట ఇంటెల్ ఉద్దేశము కాదు. ఆ భాగ్యము ఖరీదైన ప్రాసెసర్లది. ఔత్సాహికులు మొదట స్లాటు సెలెరాన్ పలకకు రంధ్రము తొలిచి, తీగ అతికి ఆ పని సాధించిరి. 1999లో తైవాను సంస్థ ఏబిట్ తెచ్చిన బీపీ6తో ఈ అవస్థ తప్పినది. ఆసుస్ పీ2బీ-డీలో గడియారము మార్చుటకు జంపర్లు కదపవలెను. బీపీ6లో తెరపైననే మార్చవచ్చును. రెండింటికిని 440బీఎక్స్ చిప్‌సెట్టే ఆధారము. 100 వద్ద పీసీఐ గడియారము అందు మూడవ వంతుగా, అనగా 33గానే ఉండును. కనుక ఇతర కార్డులకు బెడద లేదు. 366 సెలెరాన్ల జంటను 550 వద్ద నడిపినవారు అనేకులు.

అయితే విండోస్ 98 రెండవ ప్రాసెసరును వాడనే వాడదు. విండోస్ ఎన్‌టీ గాని లినక్స్ గాని కావలెను. హద్దు మీరిన ప్రాసెసరు ఆగిపోయిన నయమే. ఆగక తప్పు లెక్క చెప్పుటయే ప్రమాదము.

2000లో వచ్చిన కాపర్‌మైన్ సెలెరాన్లలో జంటగా పనిచేయు సౌకర్యమును ఇంటెల్ తొలగించినది. ఏబిట్ తరువాతి బోర్డు వీపీ6కు పెంటియం 3 జతనే కొనవలసివచ్చినది.