అద్దానికి అవతల తల్లి

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను 'బాక్సులో పెట్టారు' అన్న మాటతో తల్లి నిరీక్షణ మొదలవుతుంది. వరండాలో కూర్చున్న ఆ బాలింతకు కాలాన్ని కొలిచేవి గ్రాములే. పుట్టిన తొలి రోజుల్లో బరువు కొంత తగ్గడం సహజమని ఎవరూ చెప్పకపోతే, 1,240 గ్రాములు 1,190 కావడం ఆమెకు చావుకబురులా వినిపిస్తుంది. ఆపై గొట్టంతో పట్టే పాలు రెండు మిల్లీలీటర్ల నుంచి ఐదుకు పెరగడం, ఒక రోజు ఆక్సిజన్ తీసేయడం, మరో రోజు మళ్లీ పెట్టడం. ఇదంతా ఆమె ఎక్కడ నిలబడి చూడాలన్నది వైద్యులు మాత్రమే తేల్చిన విషయం కాదు.

ఇంక్యుబేటర్ వ్యాప్తిలోకి వచ్చిన తొలినాళ్లలోనే పారిస్ వైద్యుడు పియరీ బుడిన్ ఒక ప్రమాదాన్ని గుర్తించాడు. బిడ్డకు దూరంగా ఉంచిన తల్లుల్లో కొందరికి ఆ బిడ్డపై మమకారమే సన్నగిల్లుతోందని రాశాడు. ఆ హెచ్చరిక మరుగునపడింది. 1896లో బెర్లిన్ ప్రదర్శనలో పసికందులను ఇంక్యుబేటర్లలో ఉంచి, టికెట్టు పెట్టి చూపించారు. న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో మార్టిన్ కూనీ 1903 నుంచి 1943 వరకు అదే పని చేశాడు. ఆ టికెట్టు డబ్బుతోనే ఎందరో శిశువులు బతికారన్నదీ నిజమే. ఆసుపత్రులకు అద్దం వారసత్వంగా మిగిలింది. అంటువ్యాధుల భయం ఆ అద్దాన్ని గోడగా మార్చింది.

గోడను కదిపింది పేదరికం. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఒకే పెట్టెలో పలువురు శిశువులను ఉంచాల్సిన స్థితిలో, ఎడ్గార్ రే సనాబ్రియా అనే వైద్యుడు బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి కట్టించాడు. కంగారూ సంరక్షణ అన్న పేరు అలా వచ్చింది. సంపన్న దేశాలు చాలాకాలం దాన్ని లేనివారి సర్దుబాటుగానే చూశాయి.

భారత ప్రభుత్వ వ్యవస్థలో మలుపు 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా ఆసుపత్రిలో వచ్చింది. ప్రత్యేక నవజాత శిశు విభాగాన్ని అక్కడ నెలకొల్పి, నర్సుల కొరతను పూడ్చడానికి స్థానిక యువతులకు శిక్షణ ఇచ్చారు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ రావడంతో ఆ నమూనా ఇతర జిల్లాలకు విస్తరించింది. ప్రతి వెయ్యి జననాలకు నవజాత శిశు మరణాలు 2014లో 26 కాగా, 2020 నాటికి 20కి తగ్గాయి. ఇది చిన్న విజయమేమీ కాదు. అయితే అధికారుల లెక్కల్లో ఉన్నవి వార్మర్లు, పడకలు. తల్లికి కుర్చీ ఆ లెక్కలో లేదు.

ఢిల్లీలోని రామ్‌మనోహర్ లోహియా ఆసుపత్రి తల్లిదండ్రులకు చేతులు కడుక్కోవడం నుంచి పాలు పట్టడం వరకు నేర్పి లోపలికి రానిచ్చింది. ఆ అనుభవం ఆధారంగా 2017లో కేంద్రం మార్గదర్శకాలు వెలువరించింది. 2021లో ప్రచురితమైన అంతర్జాతీయ అధ్యయనం మిగిలిన సందేహాన్ని తీర్చింది. భారత్‌లో సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఆఫ్రికాలోని నాలుగు దేశాల ఆసుపత్రులు అందులో పాల్గొన్నాయి. కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న శిశువులను స్థిమితపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించినప్పుడు 28 రోజుల లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి దిగాయి. ఫలితం ఎంత స్పష్టమంటే, అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. తల్లి మంచం ఐసీయూలోకే వచ్చింది.

ఇక్కడే అసలు లెక్క తేలాలి. తల్లి శరీరం వైద్య పరికరమని శాస్త్రం ఒప్పుకుంది. పరికరానికి బడ్జెట్ ఉంది, తల్లికి కూలి లేదు. 2017 సవరణతో వచ్చిన 26 వారాల వేతన సెలవు సంఘటిత రంగానికి పరిమితం. ఎక్కువమంది స్త్రీలు పనిచేసేది ఆ పరిధి బయట. మాతృ వందన యోజన తొలి కాన్పుకు ఇచ్చే 5,000 రూపాయలు వాయిదాల్లో వస్తాయి. తండ్రి ఛాతీ కూడా అంతే వెచ్చన, కానీ కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే అతనికి 15 రోజులు, దినకూలీ అయితే ఆ పూట సంపాదన పోతుంది. ఇంటి దగ్గర పెద్ద బిడ్డను పొరుగింట్లో వదిలి వచ్చిన తల్లి, రోజుకు ఎనిమిది గంటలు కదలకుండా బిడ్డను మోయాలని నర్సు చెప్పగానే ముందుగా అడిగేది ఒకటే, ఎన్ని రోజులు అని.