పద్దు పుస్తకము సాక్షిగా: మధిరయు, వకీళ్ల గ్రంథాలయసేవయు

బెజవాడనుండి వరంగల్లు దిశగా పోవు రైలు కృష్ణామండలపు పొలిమేర దాటి నిజాము రాజ్యమున ప్రవేశించిన పిదప, కొలది దూరములోనే, వైరానది చెంతనున్న మధిర స్టేషను వచ్చెడిది. 1889లో ఆ మార్గము బెజవాడదాక పూర్తియైన నాటినుండి ఈ యూరికి రెండు వాకిళ్లేర్పడెను. ఒక వాకిట హైదరాబాదు ఫర్మానాలు ఉర్దూలో వచ్చెడివి. రెండవ వాకిట ఆంధ్రపత్రికయు, కృష్ణాపత్రికయు తెలుగున వచ్చెడివి. తాలూకా కచేరీలో వ్రాయునది ఒక భాష. కచేరీ మెట్లు దిగిన రైతు మాటలాడునది మరియొక భాష. ఈ రెంటి నడుమ నిలిచి జీవనము గడుపుకొనినవాడు వకీలు. అట్టి యూర, 1925వ సంవత్సరమున, నిజాము రాష్ట్రాంధ్రుల ప్రథమ గ్రంథాలయ మహాసభ పింగళి వేంకటరామారెడ్డిగారి అధ్యక్షతన జరిగెను.

గ్రంథాలయోద్యమమును గూర్చి వ్రాయువారు తరచుగా ప్రారంభోత్సవములను, అధ్యక్షోపన్యాసములను, దాతల పేరులను వర్ణించి విరమింతురు. ఉత్సవము ముగిసి, పందిరి విప్పి, అద్దెకు తెచ్చిన జంపఖానాలు తిరిగి యిచ్చిన మరునాటినుండి సంవత్సరాంతమువరకు పనిచేయు కార్యనిర్వాహకవర్గముల కథ మరుగుననే యుండిపోవును. ఆ మరుగుపడిన కథయే యీ వ్యాసమునకు విషయము. అందును, న్యాయశాస్త్రము చదివి, ఆ చదువును పుస్తకభాండాగారముల నిర్వహణమునకు వినియోగించిన వకీళ్ల కథ.

తెలంగాణమున ఆధునిక గ్రంథాలయములకు దారితీసినది 1901 సెప్టెంబరు 1న హైదరాబాదున స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల ప్రభువు నాయని వేంకటరంగారావు గారలు దాని స్థాపకులలో ముఖ్యులు. 1904లో హనుమకొండ యందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికిందరాబాదున ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయమును వెలసెను. సరిహద్దున కావల, 1914లో, అయ్యంకి వేంకటరమణయ్య ప్రభృతుల పూనికతో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము జనించెను. ఆ బెజవాడకు రైలుపై కొలది దూరముననే మధిర యున్నదను సంగతి మనము మరువరాదు.

ఇక 1921 నవంబరు మాసమున హైదరాబాదు వివేకవర్ధినీ ప్రాంగణమున మహర్షి కార్వేగారి అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు అను వకీలు తెలుగున మాటలాడ మొదలిడగా, సభికులలో కొందరు గేలిచేసి అల్లరిపెట్టిరి. ఆ పరాభవమునుండియే ఆంధ్రజన సంఘము పుట్టెను. అందు ముందు నిలిచిన మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, కొండా వేంకటరంగారెడ్డి, మందుముల నరసింగరావు గారలను పరికించినచో, వారందరు వృత్తిచే వకీళ్లో, కాబోవు వకీళ్లో యగుట కనబడును. సంఘమునకు కార్యదర్శియై భారము వహించిన హనుమంతరావుగారు మధిరకు పొరుగుననున్న నందిగామ తాలూకాలోని పొక్కునూరున 1885లో జన్మించి, హైదరాబాదున న్యాయవాదిగా స్థిరపడినవారు. గ్రంథాలయములను, పఠనమందిరములను స్థాపించుట, తాళపత్రములను శాసనములను సేకరించుట, విద్యార్థులకు తోడ్పడుట సంఘోద్దేశములలో ముందువరుసన చేరినవి. రాజకీయములు మాత్రము తలపెట్టమని చెప్పుకొనుట ఆనాటి వివేకము.

వకీళ్లే ముందుకు వచ్చుటకు వారి దేశభక్తియే గాక మరియొక కారణము కలదు. సభ జరుపదలచినవారు ముందుగా ప్రభుత్వానుమతి పొందవలెనని శాసించు 'గస్తీ నిషాన్ 53' ప్రబలిన రాజ్యమది. నలుగురు కూడినచో అనుమానము, పాఠశాల పెట్టినచో విచారణ. అట్టిచోట ఆవేశము ఒక సభను జరుపగలదేమో గాని, ఒక సంస్థను నడుపజాలదు. అర్జీ యెవరికి వ్రాయవలయును, ఏ మాట వ్రాసిన తిరస్కారమునకు చోటుండదు, నియమావళిలో 'ఉద్దేశములు' అను శీర్షిక క్రింద ఎంతవరకు చెప్పి ఎక్కడ ఆగవలయును - ఇవి దావాపత్రములను ప్రతివాదపత్రములను వ్రాసి చేయి తిరిగినవానికి మాత్రమే తెలియు విద్యలు. సభ్యుల పట్టిక, చందా రసీదు, సమావేశపు కోరము, తీర్మానమును ప్రతిపాదించినవారి పేరు, బలపరచినవారి పేరు, సంవత్సరాంతమున పరీక్షింపబడిన ఆదాయవ్యయముల పట్టిక - ఇంతటి తంతు ఒక చిన్న పుస్తకాలయమున కెందులకని నవ్వుకొనువారుండిన నుండవచ్చును. కాని అధికారి వచ్చి ప్రశ్నించిన దినమున ఆ తంతుయే కవచము. ఓటునెరుగని ప్రజ ఓటువేసి అధ్యక్షుని ఎన్నుకొనుట, లెక్క యడుగుట, భిన్నాభిప్రాయమును వ్రాతమూలకముగా దాఖలు చేయుట నేర్చినది ఈ చిన్న వర్గములయందే.

ఆంధ్రజన సంఘము చేసిన పనులలో న్యాయగ్రంథాలయముల చరిత్రకు మిక్కిలి దగ్గరైనది వేరొకటి కలదు. వెట్టిచాకిరిని గూర్చి, వర్తకుల స్వాతంత్ర్యమును గూర్చి, వృత్తులపై విధించు మోతర్ఫా పన్నును గూర్చి ప్రభుత్వపు ఉత్తరువులు లేకపోలేదు. కాని అవి ఉర్దూలో వెలువడి కచేరీల బీరువాలలో నిదురించుచుండెను. సరకు తెప్పించుకొను హక్కు తనకేది కలదో కోమటికి తెలియదు. ఏ పని ఉచితముగా చేయనక్కరలేదో వెట్టివానికి తెలియదు. తెలిసిన చిన్న ఉద్యోగి చెప్పడు. సంఘమువారు ఆ ఉత్తరువులను సంపాదించి, వాని సారమును తెలుగున చిన్న చిన్న పుస్తకములుగా అచ్చొత్తించి గ్రామములలో పంచిరి. కొత్త చట్టము కోరలేదు, ఉన్న చట్టమును ధిక్కరింపలేదు. ఉన్నదానిని చదివి వినిపించిరి, అంతియే. కావలసినవానికి కావలసిన చట్టమును, వానికి తెలిసిన మాటలలో, వేళకు అందించుటయే న్యాయగ్రంథాలయాధికారి ధర్మమైనచో, ఆ పదవికి పేరైన లేని కాలమున ఆ ధర్మమును ఆచరించినవారు వీరే.

మధిరవంటి సరిహద్దు ప్రాంతమున చట్టము రెండు విధములుగా నుండెను. కొన్ని క్రోసుల దూరమున, నందిగామలో, వకీలు ఇంగ్లీషున వాదించి, 1891లో ఆరంభమైన మద్రాసు లా జర్నలును ఉదాహరించెడివాడు. ఇటు మధిర తాలూకాలో సంస్థానపు శాసనములు, సంస్థానపు ఫసలీ తేదీలు, సంస్థానపు ఉర్దూ తీర్పులు. మద్రాసునుండి ఒక గ్రంథమును తెప్పించుకొనవలెనన్న నాణెము సైతము మార్చుకొనవలసినదే: 100 కల్దారు (బ్రిటిషు) రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీసిక్కా (నిజాము నాణెము) అధికారిక నిష్పత్తి. అటు బంధువులు, ఇటు భూములు గల కుటుంబముల వ్యాజ్యములందు ఈ యిరుచట్టముల పరిచయము లేనివాడు సగము వకీలే యగును.

1948లో హైదరాబాదు భారతదేశమున చేరిన పిదప ఆ యిరుచట్టముల నడిమి గోడ కూలెను. భాగము-బి రాష్ట్రముల శాసనముల చట్టము 1951 ఏప్రిలు 1న అమలులోనికి వచ్చుటతో భారత శిక్షాస్మృతియు, సాక్ష్యచట్టమును హైదరాబాదు రాష్ట్రమునకు వ్యాపించెను; న్యాయస్థానముల భాషయు మారెను. ఎన్ని యేండ్లో శ్రమించి కూర్చుకొనిన ఉర్దూ గ్రంథముల బీరువా ఒక్క శాసనముతో పాతబడిపోయెను. 1953లో, మధిరతో కూడిన ఖమ్మము ప్రత్యేక జిల్లా యయ్యెను. 1959లో, అంతవరకు తూర్పుగోదావరిలో నుండిన భద్రాచల ప్రాంతము ఇందు కలిసెను. దానితో అడవి చట్టములు, ఏజెన్సీ చట్టములు వచ్చి చేరెను: మద్రాసువారి 1917 నాటి ఏజెన్సీ భూబదలాయింపు చట్టము, హైదరాబాదువారి 1359 ఫసలీ నాటి గిరిజన ప్రాంతముల రెగ్యులేషను, ఆంధ్రప్రదేశపు 1959 నాటి మొదటి రెగ్యులేషను, దానిని తెలంగాణమునకు వ్యాపింపజేసిన 1963 నాటి రెగ్యులేషను, ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలోనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదిగనే, విరుద్ధము నిరూపితమగువరకు, భావింపవలయునని చెప్పు 1970 నాటి సవరణ. ఒక కోయరైతు పొలము సంగతి తేలవలెనన్న ఇన్ని తరముల పుస్తకములను వరుసగా తీసి చూడవలసి యుండును. ఈ జిల్లాలో న్యాయగ్రంథాలయము అలంకారముగా గాక, పనిముట్టుగా నుండవలసి వచ్చుటకు కారణమిదియే.

ఇట్టి గ్రంథాలయమును నిలుపునది న్యాయవాదుల సంఘమున ఏటేట ఏర్పడు కార్యవర్గము. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారులతో పాటు గ్రంథాలయ కార్యదర్శి అను నొకనిని ఎన్నుకొను ఆచారము మన బార్ అసోసియేషనులలో కలదు. ఎన్నికనాడు ఆ పదవికి పోటీ పెద్దగా నుండదు. సంవత్సరము పొడుగున పని మాత్రము దానికే యెక్కువ. పదవి స్వీకరించిన తోడనే జాబితా పట్టుకొని బీరువాలు తెరచి, పుస్తకములు సరిచూచుకొనవలెను. వారవారము తపాలాలో వచ్చు తీర్పుల విడిసంచికలను వరుస తప్పకుండ దాచవలెను. న్యాయవాది సంవత్సరమును, పుటసంఖ్యను చెప్పి తీర్పును ఉదాహరించును గనుక, ఒక్క సంచిక పోయినచో ఆ సంపుటమంతయు పన్నూడిన నోరువలె నగుపడును. వాదనకని కోర్టుహాలులోనికి పోయిన సంపుటము బల్లపైననే రాత్రి నిద్రచేయకుండ సాయంకాలమునకు తిరిగి రప్పించుకొనవలెను. చందా బాకీపడిన పెద్దలను నొప్పింపకుండ నడుగవలెను; ఇచ్చిన దానితో బైండు చేయువానికి కొంత, కొత్త చట్టములకు కొంత పంచవలెను. వానకాలమున చెదలు, వేసవిని దుమ్ము. సంవత్సరాంతపు సర్వసభ్యసమావేశమున ఇదంతయు రెండు వాక్యముల నివేదికగా చదువబడును; ఎవ్వరును చప్పట్లు కొట్టరు.

దేశాంతరములందును ఈ పని ఇట్టిదియే. అమెరికాలో 1906వ సంవత్సరమున న్యాయగ్రంథాలయాధికారులు కూడి తమకొక సంఘమును స్థాపించుకొని, రెండేండ్లకే ఒక పత్రికను, న్యాయపత్రికా వ్యాసముల సూచికను వెలువరింప మొదలిడిరి. ఏ వ్యాసము ఏ సంచికలో నున్నదో చూపు సూచికను కూర్చుటకన్న విసుగుపుట్టించు పని లేదు. దానివలన కలుగు లాభము మాత్రము ఆ పుస్తకము విప్పిన ప్రతివానిది. అచట స్థానిక శాఖలలో ఏడాదికొక వర్గము, వర్గమునకొక నివేదిక యుండును. మన 1961 నాటి న్యాయవాదుల చట్టము సైతము, తరువాతి సవరణలతో, బార్ కౌన్సిళ్లు న్యాయగ్రంథాలయముల స్థాపనకై నిధి నేర్పరుచుకొనవచ్చునని చెప్పుచున్నది. నిధినుండి బీరువా రావచ్చును. తాళపుచెవి పట్టుకొని వేళకు తెరచువాడు మాత్రము వర్గమునుండియే రావలెను.

2024 జులై 1న 1860 నాటి శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయసంహిత అమలునకు వచ్చినప్పుడు 1951 నాటి దృశ్యము మరల కనబడెను: ఒక్క దినమున బీరువాలోని పుస్తకములు పాతవయ్యెను. పాతవాటిని తూకమునకు వేయుదమను మాట ఇట్టి సమయములందు పుట్టుట సహజము. కాని ఆ దినమునకు ముందు జరిగిన నేరములను పాత స్మృతిననుసరించియే విచారింపవలసి యుండును గనుక, వృద్ధ గ్రంథములకు ఇంకను కొన్నేండ్ల ఆయువు కలదు. భూతగాదాలలోనైతే ఆ ఆయువు తరములు. చట్టము రద్దగును గాని, దాని క్రింద కలిగిన హక్కు సాధారణముగా రద్దు కాదు. ఆ హక్కు నిలువవలెనన్న దానిని పుట్టించిన పుస్తకము ఎవరివద్దనో ఉండవలెను.

ఈ దాచుట యను గుణము మధిర సీమకు కొత్తది గాదు. నాటి మధిర తాలూకాలోని దెందుకూరున జన్మించిన ఆదిరాజు వీరభద్రరావుగారు హైదరాబాదు చేరి, లక్ష్మణరాయ పరిశోధక మండలి కార్యదర్శియై, ఊరూర పడియున్న శాసనములను సేకరింపజేసి, 'తెలంగాణా శాసనములు' అను సంపుటము 1935లో వెలువడుటకు కారకులైరి. శాసనమన్నను చట్టమే కదా: రాజు దానమిచ్చిన పొలము హద్దులు, చెరువునీటి పాళ్లు, దేవుని మాన్యము రాతిపై చెక్కిన న్యాయగ్రంథము. ఇక మాడపాటివారు 1949, 1950 ప్రాంతమున 'తెలంగాణా ఆంధ్రోద్యమము' అను రెండు భాగముల గ్రంథమును వ్రాసినప్పుడు, సభలు, తీర్మానములు, సంఘముల నియమములు, చందాల వివరములు ఓపికతో వరుసగా పొందుపరచిరి. చదువునపుడు అది కొన్నిచోట్ల కార్యదర్శి నివేదికవలెనే తోచును. కార్యదర్శులు పూర్వము వ్రాసిపెట్టినందుననే అట్లు వ్రాయ వీలయ్యెను.

1925లో మధిర పందిరిలో ఉపన్యసించినవారి కంఠములు ఆనాడే గాలిలో కలిసిపోయెను. ఆ సభ జరిగినదని, దానికి అధ్యక్షుడెవరని, అది ప్రథమమని మనకు తెలియుట, చప్పట్లు సద్దుమణిగిన పిదప లాంతరు వత్తి పెంచుకొని పద్దు పుస్తకమున వ్రాసి సంతకము పెట్టినవాని చలువ. నేడు మన కోర్టుల ఆవరణలలో, కొత్త కార్యదర్శికి తాళపుచెవులతో పాటు జాబితా పుస్తకమును అప్పగించి, పోయిన సంపుటమొకటి పోయినదని నిజాయితీగా వ్రాసి సంతకము చేయువాడును ఆ వరుసలోని వాడే.